పొర మీద పొర

మా వారు ఆమధ్య ఒక రాత్రి భోజనాల దగ్గర "ఈ నెల పీపీఎఫ్ వేయిద్దామనుకుంటున్నా" అన్నారు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి తనంతట తాను పొదుపు మాట ఎత్తడం అదే మొదలు. ఇంకో గరిటెడు పప్పు వడ్డించి, నెయ్యి కూడా వేసి, "పోస్టాఫీసులోనా, బ్యాంకులోనా?" అని అడిగాను. మా అమ్మాయి నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

ఆ పీపీఎఫ్ కాదట. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అట. కారు రంగు చెడిపోకుండా పైన అతికించే పారదర్శకమైన పొర. ముందు భాగం వరకే వేయిస్తే ముప్పై అయిదు వేలు, అదీ మనవాళ్ళ కుర్రాడు కాబట్టి. వేసిన నెయ్యి వెనక్కి తీసుకుందామనిపించింది.

ప్లాస్టిక్ కవర్లంటే నాకు మొదట్నించీ పడదు. మా అత్తగారు టీవీ రిమోటుకి కవరు తొడిగి, దానికి రబ్బరు బ్యాండు వేసేవారు. సోఫా కొన్న ఆరేళ్ళ దాకా దాని అసలు గుడ్డ ఎలా ఉంటుందో మాకు తెలీదు. వేసవిలో కూర్చుని లేస్తే చర్రుమని చప్పుడు. ఆవిడ పోయాక నేను చేసిన మొదటి పని ఆ కవరు చింపెయ్యడం. అలాంటిది ఇప్పుడు కొడుకు కారుకి కవరంటాడేమిటి?

"అది రోజూ గుంటూరు వెళ్ళిరావాలి కదా. ముందు ఇసక లారీలూ కంకర లారీలూ. రాళ్ళు ఎగిరి బానెట్ మీద పడతాయి" అన్నారు. అమ్మాయికి గుంటూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళ నాటి తెల్ల కారు దానికి ఇచ్చేద్దామని తండ్రీకూతుళ్ళు ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు. నాకు చెప్పడం మాత్రం అదే మొదలు. దాని గురించి తర్వాత చెప్తాను.

ఫిల్మ్ వేసేది మా అన్నయ్య కొడుకు. మెకానికల్ డిప్లొమా చదివి, విజయవాడలో కార్ల షాపులో ఈ పని చేస్తున్నాడు. "కార్లకి స్టిక్కర్లు వేస్తాడు" అని మా వదిన ఎవరికీ గట్టిగా చెప్పదు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆదివారం ముగ్గురం కారేసుకుని వాడి దగ్గరికి వెళ్ళాం.

అదొక అద్దాల గది. లోపల ఫ్యాను లేదు, చీపురుతో ఊడవరట, తడిగుడ్డే. ఒక్క దుమ్ము రేణువు ఫిల్మ్ కింద చిక్కిందంటే ఎన్నాళ్ళైనా అట్లో వెంట్రుకలా కనపడుతూనే ఉంటుందిట. నేను సందేహంగా చూస్తున్నానని గ్రహించి వాడు చెయ్యంత ముక్క తెచ్చి ఇచ్చాడు. "స్టిక్కరనుకోకత్తా. దీన్లో అయిదు పొరలున్నాయి, విప్పి చూడు."

చదువుకున్నది బీఏ తెలుగు కాబట్టి నాకు పొర అంటే ఉల్లిపొర, కంటిపొర, ఇంకా ముందుకెళ్తే పొరపొచ్చాలు, పొరపాట్లు. వాడి పొరలు వేరే.

అన్నిటికన్నా పైన పల్చటి ప్లాస్టిక్ రేకు. కొత్త ఫోను అద్దం మీద ఉంటుందే, అలాంటిది. ఫిల్మ్ నునుపు చెడకుండా కాపాడ్డమే దాని పని, చివర్లో తీసి అవతల పారేస్తారు. అన్నిటికన్నా కింద మరో రేకు, జిగురుని కప్పి ఉంచేది. దానికి సిలికాన్ పూత ఉంటుంది, అందుకే జిగురు దానికి గట్టిగా పట్టుకోదు. "బొట్టుబిళ్ళల అట్ట లాగానా?" అన్నాను. "సరిగ్గా అదే" అన్నాడు. అంటే అయిదు పొరల్లో రెండు చెత్తబుట్టలోకే పోతాయి. కారు మీద మిగిలేవి మూడు. మూడూ కలిపి రెండొందల మైక్రాన్లు, అంటే దాదాపు మూడు తలవెంట్రుకల మందం.

"ఇంతేనా?" అంటే, "కారు రంగెంత మందం ఉంటుందనుకుంటున్నావు?" అన్నాడు. ఫ్యాక్టరీలో ఇనప ఒంటిని ముందు రసాయనపు తొట్టెలో ముంచి, కరెంటు పంపి తుప్పు పట్టని పూత పట్టిస్తారట. దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, దాని మీద మెరుపు కోసం క్లియర్ కోటు. ఇన్నీ కలిపితే వంద మైక్రాన్లు, మహా అయితే నూట యాభై. మనం లక్షలు పోసి కొని, తుడిచి తుడిచి మురిసిపోయేది అంతమాత్రం పొరని చూసి. దాన్ని కాపాడే ఫిల్మే దానికన్నా మందం.

నడిమి పొరే అసలు శరీరం. నూట యాభై మైక్రాన్లు అదే. థర్మోప్లాస్టిక్ పాలీయురిథేన్ అంటారు, టీపీయూ అని పొట్టిపేరు. సగ్గుబియ్యం గింజల్లాంటి గుళికల్ని కరిగించి, సన్నటి పొడుగు చీలికలోంచి ఒత్తుతారు. మనం రిబ్బన్ పకోడీ ఒత్తమూ, అలా. ఇక్కడ రిబ్బను వెడల్పు అయిదడుగులు. ఆ పదార్థంలో అణువులు పొడుగాటి గొలుసుల్లా ఉంటాయి. ఒక్కో గొలుసులో కొంత మేర మెత్తగా సాగే భాగం, కొంత మేర గట్టి భాగం. గట్టివన్నీ పక్క గొలుసుల గట్టివాటితో కలిసి ముడుల్లా ఉంటాయి. రాయి వచ్చి తగిలితే మెత్తవి సాగి దెబ్బని నాలుగు పక్కలకీ పంచుతాయి, ముడులు మళ్ళీ వెనక్కి లాగుతాయి. నాకు తెనాల్లో మా తాతగారి నులక మంచం కళ్ళకి కట్టింది. పిల్లలం ఎంతమందిమి గెంతినా దిగిపోయేది, దిగగానే బిగిసిపోయేది.

ఇది మొదట కార్ల కోసం పుట్టింది కాదట. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా హెలికాప్టర్ల రెక్కలు ఇసకకి అరిగిపోతుంటే, త్రీఎం కంపెనీ ఇలాంటి యురిథేన్ టేపు తయారుచేసి రెక్కల అంచులకి అంటించింది. తర్వాత అది పందెం కార్లకొచ్చి, అక్కణ్ణించి మన మంగళగిరి రోడ్డు దాకా వచ్చింది.

"మరి పచ్చబడదా? మాది తెల్ల కారు" అన్నాను. మా డైనింగ్ టేబుల్ మీది షీటు ఏడాదికే పసుపు కొట్టిన పంచెలా తయారైంది మరి. వాడు నా ఫోను అడిగి తీసుకుని వెనక కవరు చూపించాడు. కొన్నప్పుడు అద్దంలా ఉండేది, ఇప్పుడు ఆవకాయ నూనె రంగు. "ఇదీ టీపీయూ జాతే అత్తా. రెండు రకాలుంటాయి, ఆరొమాటిక్, ఆలిఫాటిక్. చవకది ఆరొమాటిక్, ఎండకి పచ్చబడుతుంది."

"ఆరొమాటిక్ అంటే సువాసన గలదా?" అన్నాను. వాడు నవ్వలేదు. ఆ కుటుంబంలో మొదట దొరికిన పదార్థాలకి వాసన ఉండబట్టే ఆ పేరు వచ్చిందిట. ఇప్పుడు మాత్రం అణువులో ఆరు కార్బన్ల ఉంగరం ఉందని దానర్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆ ఉంగరం పీల్చుకుని రంగు మారుతుంది. ఆలిఫాటిక్‌లో ఆ ఉంగరం ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి తెల్లగా నిలబడుతుంది. మంచి ఫిల్మ్ అంతా ఆ రకమే. ఇంకా చవకగా కావాలంటే పీవీసీది ఉంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం పోనుపోనూ ఎగిరిపోయి పెళుసెక్కుతుంది. మా అత్తగారి సోఫా కవరు చివర్లో పుటుక్కుపుటుక్కుమని విరిగింది అందుకేనన్నమాట!

ఈ టీపీయూ మీద ఉండేది పై పూత. పది పన్నెండు మైక్రాన్లు ఉంటుందేమో. ద్రవంలా పూసి, వేడిలో ఆరబెడతారు, మామిడి తాండ్ర చేసేవాళ్ళు చాప మీద రసం పూసి ఎండబెట్టి మళ్ళీ పూసినట్టు. గాయం మానేది ఈ పూతలోనేట. నేను నమ్మలేదు. వాడు ఒక పాత ముక్క మీద ఇత్తడి బ్రష్షుతో బరబరా గీశాడు, గీతలే గీతలు. దాని మీద ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోశాడు. నా కళ్ళముందే గీతలన్నీ కరిగిపోయాయి. మాయేమీ లేదు. నొక్కుకుపోయిన గొలుసులు వేడి తగలగానే కదిలి తమ పాత చోటికి వెళ్ళిపోతాయి, అంతే. మన ఊళ్ళ ఎండలకైతే వేడినీళ్ళు కూడా అక్కర్లేదు.

"అయితే చాకుతో గీసినా మానుతుందా?"

"మానదు. పైపై గీతలే మానేది. లోపలికంటా తెగితే తెగినట్టే."

మా అమ్మాయి అప్పటిదాకా సెల్లులో ఏదో చూసుకుంటోంది. ఈ మాటకి తలెత్తి వాళ్ళ నాన్న వైపు చూసింది. నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆఖరిది జిగురు. నాకు అన్నిటికంటే విచిత్రమనిపించింది ఇదే. ఫిల్ముని పొడిగా అంటించరు. చంటిపిల్లల షాంపూ కలిపిన నీళ్ళు బానెట్ మీదా, జిగురు మీదా ధారాళంగా చల్లి, తడి మీద జార్చుకుంటూ సరిచేస్తారు. తర్వాత రబ్బరు పలకతో నీళ్ళన్నీ బయటికి నెడతారు. నీరు పోయి, ఒత్తిడి పడ్డ చోటల్లా జిగురు పట్టుకుంటుంది. "అంటుకోవడం ఏ జిగురుకైనా వచ్చత్తా. అయిదారేళ్ళు ఎండకీ వానకీ ఊడకుండా ఉండి, మనం తీసిన రోజున కింద రంగుని పీక్కుపోకుండా, మరక వదలకుండా రావాలి. దీని ఖరీదంతా అక్కడే." బాత్‌రూమ్ అద్దం మీద నేను అంటించే బొట్టుబిళ్ళలు గుర్తొచ్చాయి. వాటిని తీస్తే జిగురు అద్దం మీద, బిళ్ళ చేతిలో.

అంతవరకూ బాగుంది. అప్పుడు వాడు జేబులోంచి చిన్న మీటరు తీశాడు.

ఫిల్మ్ వేసేముందు రంగు మందం కొలవాలట. ఇనప రేకు మీద పెడితే ఆ రేకుకీ మీటరుకీ మధ్య ఎన్ని మైక్రాన్లుందో చెప్తుంది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ పలకదు. ఎందుకు కొలవాలంటే, ఫ్యాక్టరీలో వేసిన రంగుని నూట నలభై డిగ్రీల దగ్గర పొయ్యిలో కాలుస్తారు, కరుచుకుని ఉంటుంది. బయట గ్యారేజీలో మళ్ళీ వేయించిన రంగుకి అంత పట్టుండదు. రేపు ఫిల్మ్ తీస్తే రంగు దాంతోపాటు లేచి రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే పేచీ.

పైకప్పు, 112. బానెట్, 108. కుడి ఫెండరు, 115. ఎడమ ఫెండరు, 290.

వాడు మీటరు తుడిచి మళ్ళీ పెట్టాడు. 290. ఎడమ ముందు తలుపు మీద పెట్టాడు. 340.

"మావయ్యా, ఈ పక్క మళ్ళీ పెయింట్ వేయించారా?"

మా వారు గదిలో లేని ఫ్యాను కోసం పైకి చూశారు. "కంపెనీలో ఆ పక్క ఇంకో చెయ్యి ఎక్కువ వేసుంటారు" అన్నారు. పిల్లవాడికి లౌక్యం తెలీదు. "అక్కడ రోబోలు వేస్తాయి మావయ్యా, ఇంత తేడా రాదు" అన్నాడు. నేను అమ్మాయి వైపు చూశాను. అది నేల వైపు చూస్తోంది. తడిగుడ్డ పెట్టిన నేల, అద్దంలా ఉంది.

కారు అక్కడ వదిలేసి ముగ్గురం ఆటో ఎక్కాం. ఒక్కరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, నేను కాఫీ కూడా పెట్టకుండా కూర్చుంటే, అమ్మాయే చెప్పింది.

రెండేళ్ళ కిందట మా అమ్మ కంటి ఆపరేషనుకి నేను పన్నెండు రోజులు తెనాలి వెళ్ళాను. ఆ రోజుల్లో ఇది వాళ్ళ నాన్నతో కారు నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం గేదె అడ్డం వస్తే స్టీరింగు తిప్పేసింది. ఎడమ పక్కంతా కరెంటు స్తంభానికి ఒరుసుకుపోయింది. ఆ పక్క కిటికీ అద్దం పగిలి, పక్కన కూర్చున్న ఆయనకి కనుబొమ్మ దగ్గర నాలుగు కుట్లు.

కుట్ల సంగతి నాకు తెలుసు. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని ఫోన్లో చెప్పారు. నేను వచ్చీ రాగానే బజారుకెళ్ళి జారకుండా ఉండే రబ్బరు మ్యాటు తెచ్చాను. రెండేళ్ళుగా వారం వారం ఆ మ్యాటుని బ్రష్షుతో తోమి ఎండేస్తున్నాను. స్నానానికి వెళ్ళినప్పుడల్లా "జాగ్రత్తండీ" అంటున్నాను. ఆయన "ఆఁ" అంటున్నారు. నాకు కారు దెబ్బ తిన్నందుకు కాదు, కుట్లు దాచినందుకు కూడా కాదు, ఆ "ఆఁ" కి వచ్చింది కోపం. ఎన్ని వందలసార్లు అనుంటారు!

ఎందుకు దాచారో అడగక్కర్లేదు, నాకు తెలుసు. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మా నాన్నగారు స్కూటరు మీద పొలానికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నించీ ఇంట్లో ఎవరు బండి తీసినా చేరారని ఫోను వచ్చేదాకా నాకు ముద్ద దిగదు. ఈ సంగతి ఆ రోజే తెలిసుంటే ఆ పిల్ల మళ్ళీ స్టీరింగు పట్టుకునేది కాదు, పట్టుకోనిచ్చేదాన్ని కాదు. గుంటూరు ఉద్యోగానికి బస్సులో నలిగిపోతూ వెళ్ళేది, లేదా మానేసేది. వాళ్ళు చేసింది తప్పని నేనిప్పటికీ అంటాను. చెప్పి ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. రెండూ నిజాలే, నేనేం చెయ్యను?

ఆ రాత్రి వంట చేశాను, వడ్డించాను, మాట్లాడలేదు. నెయ్యి వెయ్యలేదు.

మర్నాడు మేనల్లుడు ఫోను చేశాడు. మావయ్యకి చేస్తే "మీ అత్తని అడుగు" అన్నారట. "ఎడమ ఫెండరుకి వెయ్యనా, వదిలెయ్యనా అత్తా? రంగు వేసి రెండేళ్ళైంది కాబట్టి బాగానే ఆరింది. అంటుకోవడానికి ఇబ్బంది లేదు. తీసేటప్పుడే, వేడి చేసి మెల్లిగా లాగినా రంగు రావచ్చు. వదిలేస్తే మాత్రం రాళ్ళు దానికే తగుల్తాయి."

"తీసేది ఎప్పుడు?"

"అయిదారేళ్ళకి."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "వెయ్యి" అన్నాను. "తీసేటప్పుడు నేను వస్తాను."

బుధవారం కారు ఇచ్చాడు. బానెట్ మీద అక్కడక్కడా చిన్న చిన్న నీటి బుడగల్లా ఉంటే, డబ్బు తీసుకుని ఇదా చేసిందని అడిగాను. అవి గాలివి కావట, మిగిలిన తేమ, నాలుగు రోజుల్లో పోతుందిట. వారం దాకా కడగొద్దన్నాడు. మిగతా చోట్ల ఎంత వెతికినా ఎక్కడ ఫిల్మ్ ఉందో ఎక్కడ లేదో నా కళ్ళకి దొరకలేదు. అంచులు బానెట్ కిందికి మడిచేశాడు. వేళ్ళ చివర్లు షాంపూ నీళ్ళకి నాని ముడతలు పడున్నాయి. ఈసారి వదిన కనపడితే వీడు చేసేది స్టిక్కర్ల పని కాదని చెప్పాలి.

ఉద్యోగంలో చేరే రోజున మా వారు పక్కన కూర్చోబోతుంటే, నేను వస్తానన్నాను. ఎడమ సీట్లో, ఆ 340 మైక్రాన్ల తలుపు పక్కన కూర్చున్నాను. బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాను. తాడేపల్లి దాటాక కంకర లారీ ఒకటి ముందు పడింది. టాపు కట్టలేదు. బానెట్ మీద టక్కుమని ఒక రాయి, ఆ వెనకే ఇంకోటి.

"అమ్మా, కళ్ళు తెరువు" అంది.

మూసుకున్నానని దానికెలా తెలిసిందో! రోడ్డు చూసి నడపమన్నాను.